ఐసీయూ మందుల పరీక్ష – నా అనుభవం

హన్మకొండలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. వార్డు నుంచి ఐసీయూకి మారాలంటే మా దగ్గర మందుల మీద పరీక్ష పెడతారు. ముందు రాతపరీక్ష, తర్వాత వైవా (నోటితో అడిగే పరీక్ష), ఆ తర్వాత సీనియర్ పక్కన నిలబడి చూస్తుంటే పేషెంట్లకు మందులు ఇవ్వాలి. మూడూ దాటితేనే మనల్ని ఒక్కళ్లమే ఇవ్వనిస్తారు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా)లో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, బట్టీ పట్టి రాసిన బ్యాచ్ మాది, అందరికీ టెన్షనే.

ఐసీయూ ఇన్‌ఛార్జి సిస్టర్ మొదట్లోనే చెప్పేసింది: "ఆంపూల్ లెక్క నా దగ్గర వద్దు. ఎన్ని మిల్లీగ్రాములో చెప్పు." ఆంపూల్ అంటే మెడ విరిచి వాడే చిన్న గాజు మందు సీసా. వార్డుల్లో "సగం ఆంపూల్ ఇచ్చిన", "రెండు ఎంఎల్ వేసిన" అని మాట్లాడుకోవడం మామూలే. కానీ అదే ఎంఎల్‌లో ఎంత మందు ఉందనేది లేబుల్ మీద చూస్తే తప్ప తెలియదు.

ఇన్సులిన్‌నే తీసుకోండి. మన దగ్గర వయల్స్ (రబ్బరు మూత సీసాలు) ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి, పెన్నుల్లో వేసే కాట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి, 100 యూనిట్ల వయల్స్ కూడా దొరుకుతాయి. సిరంజిలూ వేరే, 40కి ఎర్ర క్యాప్, 100కి ఆరెంజ్ క్యాప్. సిస్టర్ నా చేతికి ఎర్ర క్యాప్ సిరంజి, 100 యూనిట్ల వయల్ ఇచ్చి 10 గీత దాకా లాగితే ఎన్ని యూనిట్లు వస్తాయో చెప్పమంది. ఆ గీత అంటే పావు ఎంఎల్, అంటే 25 యూనిట్లు. సిరంజి మీద 10 అనే కనిపిస్తుంది, పేషెంట్‌కి మాత్రం రెండున్నర రెట్లు పోతుంది, షుగర్ పడిపోతుంది. ఆ లెక్క కాగితం మీద వేసి చూశాక వయల్, సిరంజి రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఇన్సులిన్ లాగలేకపోతున్నాను.

అట్రోపిన్ ఇంకోటి. పత్తి, మిర్చి పండే జిల్లాలు కాబట్టి పురుగుల మందు తాగిన కేసులు మనకు కొత్త కాదు, వాళ్లకు విరుగుడుగా ఇచ్చేది ఇదే. మామూలుగా వచ్చే అట్రోపిన్ ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది, అంటే డాక్టర్ 3 మిల్లీగ్రాములు రాస్తే 5 ఆంపూల్స్ పగలగొట్టాలి. వైవాలో దీని మీదే ఎక్కువసేపు అడిగారు: డోస్ సరిపోయిందని ఎట్లా తెలుస్తుంది? ఒక్క కంటిపాపలు చూస్తే చాలదు. ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా, పల్స్ 80 దాటిందా, బీపీ నిలబడిందా, చంకలు ఆరినయా అన్నీ చూడాలి. ఎక్కువైతే జ్వరం వస్తుంది, పేషెంట్ ఏదేదో మాట్లాడతాడు, పొట్ట మీద స్టెత్ పెడితే చప్పుడే ఉండదు. అప్పుడు వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

పొటాషియం క్లోరైడ్ గురించి ఒక్క ప్రశ్నే అడిగారు, డైరెక్టుగా నరంలోకి ఎందుకు ఇవ్వొద్దని. గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపాక కూడా బాటిల్‌ని తిరగేసి మరగేసి బాగా కలపాలి, లేకపోతే మందు అడుగున చేరి మొదటే గాఢంగా పోతుంది.

రాతపరీక్షలో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లెక్క వచ్చింది. 25,000 యూనిట్లు మొత్తం 50 ఎంఎల్ అయ్యేట్టు కలిపారు, గంటకు 800 యూనిట్లు పోవాలి. ఎంఎల్‌కి 500 యూనిట్లు, కాబట్టి మందు ఎక్కించే పంపు గంటకు 1.6 ఎంఎల్ మీద పెట్టాలి. ఇలాంటివి ఇంకొకరితో విడిగా లెక్క వేయించి రెండూ సరిపోయాకే పంపు స్టార్ట్ చేయాలి. మన జవాబు ముందే చెప్పేస్తే వాళ్లు ఊరికే "అవును" అంటారు, అందుకే చెప్పకూడదు.

చివరి రౌండ్‌లో నాకు తేలిగ్గా అనిపించింది పేరు అడగడం, కానీ సిస్టర్ అన్నిటికన్నా ఎక్కువ చూసింది దాన్నే. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు సమ్మయ్యలు ఉండటం మామూలు. "సమ్మయ్యవేనా బాపూ?" అంటే చెవులు సరిగా వినపడని పెద్దమనిషి కూడా తలూపుతాడు. "నీ పేరేంది బాపూ, ఏ ఊరు?" అని ఆయన నోటితోనే చెప్పించి, చేతి బ్యాండ్ మీద నంబరు కేస్ షీట్‌తో సరిచూడాలి. ఎలర్జీ ఉందా అనీ అప్పుడే అడిగేయాలి.

పాసయ్యాను. మీరూ రాయబోతుంటే లావు పుస్తకంతో మొదలుపెట్టకండి. మీ ట్రాలీలో ఉన్న మందుల లేబుళ్లు చూసి ఒక్కోదాని బలం, ఇచ్చే స్పీడు, విరుగుడు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. హెపారిన్‌కి ప్రోటమిన్, మార్ఫిన్‌కి నాలోక్సోన్, పారాసెటమాల్ ఎక్కువైతే ఎన్-ఎసిటైల్ సిస్టీన్, నన్ను ఈ మూడూ అడిగారు.