ఆగ్రాలో పారా వింగ్స్ కోసం

నాకు పారా వింగ్స్, అంటే పారాషూట్‌తో దూకడం నేర్చుకున్న సైనికులకిచ్చే రెక్కల బ్యాడ్జ్, ఉన్నాయని తెలియగానే మావాళ్లు అడిగేది ధోనీ గురించే. ఆయన కూడా 2015లో ఆగ్రాలోనే ఐదు జంపులు పూర్తి చేసి వింగ్స్ తీసుకున్నారు. 2019 ప్రపంచకప్‌లో ఆయన గ్లవ్స్ మీద కనిపించిన బలిదాన్ గుర్తు మాత్రం వేరు, అది స్పెషల్ ఫోర్సెస్‌ది. నాకు లేదు.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌వాణ్ని. "సూదులేసేవాడికి దూకడమెందుకురా?" అన్నాడు మామయ్య. గాయపడేవాళ్లు దూకిన చోటే ఉంటారు, మందుల సంచీ కూడా అక్కడికే దిగాలి కదా! అసలు 1941లో తొలిసారి పారాషూట్‌తో దూకిన భారత సైనికుడు లెఫ్టినెంట్ రంగరాజ్ కూడా డాక్టరే. కొరియా యుద్ధంలో '60 పారా ఫీల్డ్ అంబులెన్స్' అనే సైనిక వైద్య దళానికి నాయకత్వం వహించిందీ ఆయనే.

యూనిట్‌లో ప్రొబేషన్ గట్టెక్కాక ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌కి పంపారు. స్కూలు ఎయిర్‌ఫోర్స్‌ది, ఉస్తాదులూ వాళ్లే. విమానం ఎక్కిస్తారేమో అనుకుంటూ వెళ్తే, రోజుల తరబడి నేలమీద పడటమే నేర్పించారు. పాదాలు, మోకాళ్లు అతుక్కుని ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనాలి. నేల తగలగానే నిలబడే ప్రయత్నం చేయకుండా పిక్క, తొడ, పిరుదు, వీపు పక్కభాగం మీదుగా దొర్లిపోవాలి. దెబ్బ ఒక్కచోటే పడకుండా ఒళ్లంతా పంచుకోవడమన్నమాట. పాదాల మధ్య సందు కనిపిస్తే ఉస్తాద్ అరుపు మైదానమంతా వినపడేది. రాత్రి మంచంమీద పక్కకి తిరగాలన్నా తుంటి ఒప్పుకునేది కాదు.

మొదటి జంప్ మల్పురా డ్రాప్ జోన్‌లో, అంటే దూకినవాళ్లు దిగే మైదానంలో. ఏఎన్-32 విమానంలో ఆ హోరుకి పక్కవాడి మాట కూడా వినపడదు. దూకగానే పారాషూట్‌ని దానంతటదే తెరిపించే పట్టీ, స్టాటిక్ లైన్, దాని కొక్కేన్ని తల మీది కేబుల్‌కి తగిలించి, లాగి చూసుకున్నాం. ఎర్ర లైటు, ఆ వెంటనే పచ్చ లైటు. ముందువాడు మాయమయ్యాడు, నేనూ వెళ్లిపోయాను. భుజాల దగ్గర ఒక్క గుంజుడు. తలెత్తితే గొడుగు నిండుగా విచ్చుకుని ఉంది. 1,250 అడుగుల నుంచి కిందికి రావడానికి నిమిషం పైచిలుకు పడుతుందేమో. చివర్లో నేలే మన మీదికి ఎగిరొస్తున్నట్టు అనిపిస్తుంది. సిమెంటు బస్తాలా పడ్డాను గానీ పాదాలు మాత్రం విడిపోలేదు.

నన్నడిగితే అసలు టెన్షన్ రెండో జంప్‌దే. మొదటిసారి ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి దూకేస్తాం. రెండోసారి అన్నీ తెలుసు. ఆ రోజు విమానంలో జోకులు వేసినవాడు ఒక్కడూ లేడు.

ఐదింటిలో ఒకటి రాత్రి జంప్. చీకట్లో నేల ఎంత దూరంలో ఉందో అంచనా అందదు. అందుకని దాన్ని వెతకడం మానేసి, కాళ్లు కలిపి ఎదురుచూడటమే. నేర్చుకున్నదంతా అక్కడే అక్కరకొచ్చింది.

కోర్సు చివర వరసలో నిలబెట్టి కుడి ఛాతీ మీద వింగ్స్ పెట్టారు. ఫొటోలు తీసుకున్నాం. ఆ సాయంత్రమే, చీలమండ బెణికినా ఎవరికీ చెప్పకుండా జంపులన్నీ పూర్తి చేసిన తోటివాడొకడు నా గది వెతుక్కుంటూ వచ్చాడు. వాడి బూటు విప్పడానికే ఇద్దరం పట్టాల్సి వచ్చింది.