నయావాకం గట్టులో నల్ల చార

సియాటిల్ నుంచి ఒలింపియా మీదుగా 101 హైవే పట్టుకుని సౌత్ బెండ్ దాకా వాన తప్ప చెప్పుకోవడానికేమీ లేదు. వారాంతమని మోటెల్‌లో రేటు పెంచేశారు, అదొకటి కడుపుమంట. మా పిన్ని కూతురు భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. "ఆటు పొద్దున్నే అక్కా, ఆలస్యమైతే అంతా మునిగిపోతుంది" అని దారి పొడుగునా టెన్షన్ పెట్టింది.

విల్లపా అఖాతంలో కలిసే చిన్న ఏరు నయావాకం. నీళ్లు తీసేసరికి మోకాలిలోతు బురద. ఆ వాసన తగలగానే నాగాయలంక గుర్తొచ్చింది. గట్టు కత్తితో కోసినట్టు నిలువుగా ఉంది. కింద నల్లమట్టి, దానిమీద సన్నటి ఇసుక, ఆపైనంతా బూడిదరంగు బురద. "ఇక్కడ వేలు పెట్టు" అంది. గడ్డి దుబ్బు! వేర్లు నల్లమట్టిలో, కాడలు ఇసుకలో. మూడు వందల ఏళ్లుగా అలాగే ఉంది.

1700 జనవరి 26 రాత్రి భూకంపానికి ఈ తీరం ఉన్నపళాన కుంగింది. వెంటనే సునామీ ఇసుక తెచ్చి పోసింది. తేదీ చెప్పింది జపాన్‌వాళ్ల పాత రాతలు. అక్కడ భూమి కదలకుండానే అల వచ్చిపడిందట. 1987లో బ్రయన్ ఆట్‌వాటర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇలాంటి పొరల గురించి రాశాకే ఇక్కడి భూకంపాల సంగతి గట్టిగా బయటపడింది.

మరి ఎంత కుంగింది? ఆ రాత్రి మోటెల్ కుళాయి కింద, 63 మైక్రాన్ల జల్లెడలో నల్లమట్టినీ పై బురదనీ విడివిడిగా కడిగింది చెల్లి. మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. నల్లమట్టిలోవి ట్రోకమ్మినాలు, చిన్న చిన్న నత్తల్లా చుట్టలు. పెద్ద పోటు వస్తే తప్ప నీళ్లెక్కని మెరకలో బతుకుతాయి. పై బురదలోవి మిలియమ్మినాలు, వడ్లగింజల్లా పొడుగ్గా. ఇవి రోజూ మునిగే పల్లంలో ఉంటాయి. రెండూ ఒంటికణం జీవులే, ఇసుక రేణువులు అతికించుకుని గుల్ల కట్టుకుంటాయి. ఇవాళ ఏ ఎత్తులో ఏవి ఎన్ని బతుకుతున్నాయో ముందు లెక్కగడతారు. ఆ కొలతతో పాత పొరల్లోని గుల్లలను పోలిస్తే, అప్పుడు నేల సముద్రానికి ఎంత ఎత్తులో ఉండేదో తెలుస్తుంది. ఈ తీరంలో చోటును బట్టి అర మీటరు నుంచి మీటరున్నర దాకా దిగిపోయిందట.

నాకు నిద్ర పట్టలేదు. అమ్మమ్మ వాళ్లింట్లో 1977 ఉప్పెన నీళ్లు నిలిచిన చోట గోడకి ఒక చార ఉండేది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా అక్కడే పెచ్చులూడేది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అమ్మకి ఫోన్ చేసి ఆ చార ఎంత ఎత్తులో ఉండేదని అడిగాను.

"నీ భుజం దాకా" అంది. కాసేపాగి, "నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు" అంది.