ఎస్ఎంఏ మందులు: చిట్టెలుకల దగ్గర తేలిన సంగతులు

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్ఎంఏ, ఉన్న పసిబిడ్డల వార్త వచ్చినప్పుడల్లా కోట్ల రూపాయల ఇంజెక్షన్ ధర గురించే మాట్లాడుకుంటాం. ఆ మందు బిడ్డ దాకా రాకముందు ప్రయోగశాలలో ఏం జరిగిందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది, ఎందుకంటే ఈ విషయంలో మందును పరీక్షించడానికి ముందు జంతువులో జబ్బునే తయారు చేసుకోవలసి వచ్చింది.

ఎస్ఎంఎన్1 అనే జన్యువు దెబ్బతింటే వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు, అంటే మోటార్ న్యూరాన్లు, నశించి కండరాలు చచ్చుబడతాయని 1995లో తేలింది. మనుషుల్లో దానికి దాదాపు నకలులాంటి ఎస్ఎంఎన్2 కూడా ఉంది కానీ, అది సరైన ప్రోటీన్‌ను కొద్దిపాటిగానే ఇస్తుంది. ఎలుకలో ఆ రెండోది లేనే లేదు. ఉన్న ఒక్కదాన్నీ తీసేస్తే పిండం దశలోనే చనిపోతుంది. అందుకని 2000లో తైవాన్, అమెరికా బృందాలు విడివిడిగా మానవ ఎస్ఎంఎన్2ను ఎలుకల్లో చేర్చాయి. అమెరికా బృందం ఎలుకల్లో ఆ జన్యువు రెండు ప్రతులున్న పిల్లలు సుమారు వారంలోనే చనిపోయాయి, ఎనిమిది ప్రతులున్నవి బతికి బట్టకట్టాయి. రెండో జన్యువు నుంచే ఎక్కువ ప్రోటీన్ రాబడితే చాలన్న ఆలోచనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు. ఈ జబ్బుకు ఇప్పుడు వాడే నుసినెర్సెన్, రిస్డిప్లామ్ అనే మందులు రెండూ చేసేది ఆ పనే.

తర్వాత 2005లో వచ్చిన డెల్టా7 అనే మరో రకం ఎస్ఎంఏ ఎలుక సుమారు రెండు వారాలు బతుకుతుంది. మందు పనిచేస్తోందో లేదో దాని మీదే చూస్తారు. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, తనంతట తాను తిరగబడి నాలుగు కాళ్ల మీదికి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూస్తారు. రోజూ బరువు తూస్తారు. చూడటానికి తేలికైన పరీక్షే గానీ, మోసపోవడం అంతకన్నా తేలిక. ఒకే ఈతలో పిల్లలు ఎక్కువైతే బలహీనమైన దానికి తల్లిపాలు దక్కవు, కాబట్టి కేవలం పోషణ మెరుగైనా బతికే రోజులు పెరగవచ్చు. అందుకే ఈతకు ఇన్ని పిల్లలని సమానం చేయని, ఏ పిల్లకు మందు ఇచ్చారో కొలిచేవారికి తెలియకుండా జాగ్రత్తపడని ప్రయోగంలో ‘ఆయుష్షు పెరిగింది’ అన్న మాటను నేను నమ్మను.

జన్యుచికిత్సలో అన్నిటికన్నా విలువైన ఫలితం 2010లో వచ్చింది. ఏఏవీ9 అనే వైరస్‌లో మంచి జన్యువును పెట్టి పుట్టిన మర్నాడే రక్తనాళంలోకి ఎక్కిస్తే, రెండు వారాల్లో పోవలసిన ఎలుకపిల్లలు 250 రోజులు దాటి బతికాయి. అదే మందు అయిదో రోజున ఇస్తే కొంత మేలు మాత్రమే కనిపించింది, పదో రోజున ఇస్తే ఫలితం దాదాపు శూన్యం. ఎలుక రోజులను మనిషి నెలలతో నేరుగా పోల్చకూడదు. మనుషుల్లో, కాస్త ఆలస్యంగా లక్షణాలు మొదలైన పిల్లలకూ నుసినెర్సెన్ మేలు చేసింది. అయినా నశించిన న్యూరాన్‌ను ఏ మందూ తిరిగి తేలేదు గనుక, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిదన్న సూత్రం మనుషుల్లోనూ నిలబడింది. అమెరికా 2018లో నవజాత శిశువులకు సిఫారసు చేసే పరీక్షల జాబితాలో ఎస్ఎంఏను చేర్చింది. మన దగ్గర ఇంకా చాలా ఇళ్లలో, బిడ్డకు మెడ నిలవడం లేదని తల్లి గమనించాకే జన్యుపరీక్ష మాట వస్తోంది.