స్తంభం దూరం లెక్కలోకి వచ్చాక

కావలిలోని మా ఇంటిపై అంతస్తు వేసిన ఏడాది రోహిణి కార్తెలో, రెండో ఏసీ అందుకున్నప్పుడల్లా హాల్లో ట్యూబులైటు మసకబారేది. వారం తిరక్కముందే మీటరు దగ్గర సర్వీసు వైరు (స్తంభం నుంచి మీటరుకు వచ్చే తీగ) తొడుగు నల్లబడింది. వచ్చి చూసిన ఎలక్ట్రీషియన్, వైరు సంగతి తర్వాత, ముందు లోడు రాయమన్నారు.

1.7 కిలోవాట్ల చొప్పున రెండు ఏసీలు, 1 హెచ్‌పీ మోటారుకు సుమారు 1, ఫ్రిజ్జు, ఫ్యాన్లు, దీపాలకు 0.6, అన్నీ కలిపి 5 కిలోవాట్లు తేలింది. 2 కిలోవాట్ల గీజరును ఆయన కొట్టివేశారు. మా వైపు గీజరు వేసుకొనే ధనుర్మాసంలో ఏసీ జోలికి ఎవరూ పోరు గనుక ఆ రెండూ ఒకేసారి నడవవు. 5000 వాట్లను 230 వోల్టులతోనూ, లాగిన కరెంటులో ఎంత మేర పనికి వస్తుందో చెప్పే పవర్ ఫ్యాక్టరు 0.9తోనూ భాగిస్తే 24 ఆంపియర్లు వచ్చింది. మెయిన్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను పడిపోయే స్విచ్చి) 32 ఆంపియర్లది కాబట్టి వైరు కూడా 32కు తగ్గకుండా మోయాలి, లేకపోతే ఎంసీబీ పడకముందే వైరు కాలుతుంది. పైగా తయారీదారుల పట్టికలోని అంకె 40 డిగ్రీల గాలికి సంబంధించినది. 45 డిగ్రీల ఎండలో పీవీసీ వైరుకు దానిని 0.91తో గుణించాలి.

దుకాణదారు మాత్రం 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు చాలునని, వీధంతా అదే వేసిందని చెప్పాడు. ఇక్కడే నేను పొరబడ్డాను. మా ఇంటికీ స్తంభానికీ మధ్య దూరం 35 మీటర్లు. దానికే లెక్క కట్టి, వోల్టేజీ తగ్గుదల 6 వోల్టులేనని సంబరపడ్డాను. "మరి న్యూట్రల్ ఎవరు లెక్కేస్తారు సార్?" అని ఎలక్ట్రీషియన్ నవ్వారు. పోయే తీగ, వచ్చే తీగ కలిపి 70 మీటర్లు. కిలోమీటరుకు 7.41 ఓముల చొప్పున నిరోధం 0.52 ఓములు, 24 ఆంపియర్ల దగ్గర తగ్గుదల 12 వోల్టులకు పైనే. అదే 10 చదరపు మిల్లీమీటర్లదైతే కిలోమీటరుకు 3.08 ఓములే కనుక తగ్గుదల 5 వోల్టుల చిల్లర. రాగి అయితే 6 చదరపు మిల్లీమీటర్లతోనే ఇదే నిరోధం దక్కేది, కానీ ధర విని వెనక్కి తగ్గాను.

10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు కొని, అదనపు లోడుకు దరఖాస్తు చేసి రుసుము కట్టాము. లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పనయ్యేదాకా లైనులో కరెంటు ఆపి ఉంచే అనుమతి) తీసుకొన్న తరువాతే పాత వైరును విప్పి, కొత్తదానిని, బరువు మోసే జీఐ (జింకు పూత ఇనుప) తీగకు కట్టి లాగారు. మీటరు తరువాత ఇంట్లోకి వెళ్ళేది రాగి వైరు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళో రాగి, అల్యూమినియం నేరుగా కలిపి మెలిపెడితే ఆ అతుకు త్వరగా పాడవుతుందని, ఆ రెండూ కలిసే చోట బైమెటల్ లగ్గు (ఒకవైపు రాగి, మరోవైపు అల్యూమినియం ఉండే బిగింపు ముక్క) వేయించాను. ఈ చిన్న ఖర్చును చాలామంది ఎందుకు తప్పించుకుంటారో నాకు అర్థం కాదు.

ఆ సాయంత్రం ఏమీ వేయకుండా చూస్తే మీటరు దగ్గర 221 వోల్టులు, రెండు ఏసీలూ మోటారూ వేశాక 215. లెక్కలో లేని ఆ ఒక్క వోల్టు మా వైరుది కాదు, ట్రాన్స్‌ఫార్మరు నుంచి స్తంభం దాకా వచ్చే లైనుది అన్నారు ఎలక్ట్రీషియన్.