మాకు దొరికిన పౌరసత్వం మిగతా శరణార్థులకెందుకు అందకూడదు?

మాది రంగం, అంటే బర్మాలోని రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంప్ అంటే ఏ ఆటోవాలాకైనా తెలుసు. నేను పుట్టి పెరిగింది అక్కడే. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వెళ్ళాడు. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు. 1930 మేలో తెలుగు రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో ఎందరో మనవాళ్ళు చనిపోయారు. అయినా ముత్తాత తిరిగి రాలేదు, బతుకు అక్కడే ఉంది కాబట్టి.

1962లో జనరల్ నే విన్ అధికారం పట్టుకున్నాడు. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాడు, 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నాడు. మా తాత బియ్యం కొట్టు పోయింది. ఇండియాకి ఓడెక్కే ముందు నాయనమ్మ చెవికమ్మలు కూడా అక్కడి అధికారులు తీయించుకున్నారట. నాన్న అప్పటికి బళ్ళో చేరిన పిల్లాడు.

నాయనమ్మ పుట్టింది రంగూన్‌లో. ఇక్కడ దిగేదాకా శ్రీకాకుళం ముఖం చూడలేదు. తెలుగు మాట్లాడేది కానీ రాయడం రాదు, కోపమొస్తే బర్మా భాషలోనే తిట్టేది. అలాంటి మనిషిని ఈ దేశం నువ్వెవరు అని నిలదీయలేదు. ఉండడానికి చోటు చూపించింది, చిన్న వ్యాపారానికి అప్పిచ్చింది, ఓటిచ్చింది. ఆ ఓటు ఉండబట్టే కుళాయి రాకపోతే కార్పొరేటర్ ఇంటికెళ్ళి గట్టిగా అడిగేది. నాన్నకి సర్కారు ఉద్యోగమొచ్చింది. నేను టీచర్నయ్యాను.

మమ్మల్ని వెళ్ళగొట్టిన ఆ నే వినే 1982లో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చాడు. 1823కి ముందు నుంచి బర్మాలో ఉన్నట్టు ప్రభుత్వం గుర్తించిన జాతులవాళ్ళే పుట్టుకతో పూర్తి పౌరులు. ఆ జాబితాలో ముస్లింలైన రోహింగ్యాలు లేరు. తరాల తరబడి అక్కడే దున్నుకుని బతికినవాళ్ళు సొంత ఊళ్ళోనే పరాయివాళ్ళైపోయారు. 2012 అల్లర్లు, 2017 ఆగస్టులో సైన్యం చేసిన దాడి తర్వాత లక్షల మంది పారిపోయారు. వాళ్ళలో కొన్ని వేలమంది హైదరాబాద్‌లో ఉన్నారు, ఎక్కువగా పాతబస్తీ పక్కన బాలాపూర్ వైపు.

పోయినేడు అక్కడ పిల్లలకి చదువు చెప్పే స్నేహితురాలితో కలిసి వెళ్ళాను. నాన్న కూడా వస్తానన్నారు. రేకులూ టార్పాలిన్‌లూ కప్పిన గుడిసెల మధ్య ఒక పెద్దాయన కూర్చుని ఉంటే, నాన్న ఆగి "నే కౌన్ లా" అన్నారు, బాగున్నారా అని. ఆయన లేచి నిలబడి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ గుర్తున్న బర్మా మాటలు వెతుక్కుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన మనవరాలు హైదరాబాద్‌లోనే పుట్టింది. తెలుగూ హిందీ గలగలా మాట్లాడుతోంది. పదో తరగతి తర్వాత ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆధార్ లేదు కాబట్టి. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉంది. దానికి మన చట్టంలో విలువ లేదు.

ఆ అమ్మాయి ఏ దేశం మనిషి? బర్మా కాదంటోంది. మన పౌరసత్వ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం, తల్లిదండ్రుల్లో ఒక్కరు కాగితాల్లేకుండా వచ్చినా ఇక్కడ పుట్టిన బిడ్డకి పుట్టుకతో పౌరసత్వం రాదు. అలా వచ్చినవాళ్ళు ఎన్నేళ్ళున్నా దరఖాస్తు కూడా పెట్టుకోలేరు. ప్రాణభయంతో అడవులు దాటి వచ్చేవాళ్ళు వీసా ఎక్కడ తెస్తారు?

2019 సవరణ ఈ తలుపు కొందరికి తెరిచింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబర్ 31లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులకి. వాళ్ళకి ఇవ్వడం తప్పని నేను అనను, వాళ్ళూ బాధలు పడే వచ్చారు. మిగతావాళ్ళని మతాన్ని బట్టి, దేశాన్ని బట్టి బయట నిలబెట్టడమే అన్యాయం. తడ దాటి చెన్నై వెళ్ళే దారిలో గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. 1983 నుంచి తమిళనాడుకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది హిందువులే. ఈ చట్టం వాళ్ళనీ పట్టించుకోలేదు. పార్లమెంటులో ఆ బిల్లుకి వైసీపీ, టీడీపీ రెండూ ఓటేశాయి. నేను ఓటు వేసే రాష్ట్రం తరఫున అలా జరగడం నాకిప్పటికీ బాధే. టీఆర్ఎస్ వ్యతిరేకంగా ఓటేసింది.

"మీరు మన రక్తం, వాళ్ళు వేరు" అని మా కాలనీలోనే అంటారు. మనవాళ్ళని తరిమినప్పుడు నే విన్ ప్రభుత్వం చెప్పిందీ అదే, మీరు మా రక్తం కాదని. దేశభద్రత అంటారు. నేరం చేసినవాడి మీద కేసు పెట్టండి, అతని మతంలో పుట్టిన ప్రతి పిల్లనీ అనుమానించకండి. రాజ్యాంగంలో 14వ అధికరణం సమానత్వాన్ని పౌరులకే కాదు, ప్రతి మనిషికీ ఇచ్చింది. తూర్పు పాకిస్తాన్‌లో కప్తాయ్ డ్యామ్ ముంచేస్తే మా వాళ్ళు వచ్చిన ఆ 1964లోనే చక్మాలనే గిరిజనులు అరుణాచల్‌కి వచ్చారు. వాళ్ళ ప్రాణాలు కాపాడాలని, పౌరసత్వ దరఖాస్తులు ముందుకు పంపాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అప్పటికే ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. 2015లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఒక మనిషి యవ్వనమంతా ఆఫీసుల చుట్టూ తిరగడంలో అయిపోతుంది.

మనకి శరణార్థుల చట్టమే లేదు. శరణార్థుల హక్కుల మీద కుదిరిన 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. శరణార్థి ఎవరో మతం చూడకుండా తేల్చే చట్టం కావాలి. ఇక్కడ పుట్టి వేరే ఏ దేశానికీ చెందని బిడ్డకి పౌరసత్వం ఇవ్వాలి. ఇన్నేళ్ళు ఇక్కడ బతికితే దరఖాస్తు పెట్టుకోవచ్చు అని శరణార్థులందరికీ ఒకే గడువు పెట్టాలి.

ఇదంతా ఉత్తరంగా రాసి మా ఎంపీకి పంపాలని బర్మా క్యాంప్‌లో ఇంటింటికీ తిరిగాను. మొదటి సంతకం నాన్నది. కొందరు పెట్టారు, కొందరు మాకెందుకీ టెన్షన్ అన్నారు. వాళ్ళింటికి మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి నాన్నని వెంటపెట్టుకుని.