సెల్ఫ్ కొడితే గరగర: వారంటీలో చేయించుకోవాలంటే

బైకు సెల్ఫ్ నొక్కితే టికటికమని ఊరుకుంటోందా? ముందు బ్యాటరీ చూడండి. బండి ఆపి ఉంచినప్పుడు వోల్టుమీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9 కిందికి పడిపోతోందంటే దాని పని అయిపోవచ్చినట్టే. మన కోనసీమ తేమకి ఎర్త్ వైరు బోల్టు దగ్గర చిలుం పడుతుంది, అదీ గీకించండి.

సెల్ఫ్ మోటారు తిరుగుతున్నా ఇంజను కదలక, ఇనుము రాసుకున్నట్టు గరగరమంటే అనుమానం వన్‌వే క్లచ్ మీద, అంటే ఆ మోటారు తిప్పే ఊపుని ఇంజనుకి అందించే భాగం మీద. లోపల రోలర్లు, స్ప్రింగులు అరిగి పట్టు జారుతుంది. దాన్ని బాగుచెయ్యాలంటే ఇంజను పక్కనుండే మాగ్నెట్ కవరు విప్పి, మళ్లీ బిగించేటప్పుడు ఆయిలు కారకుండా కొత్త గాస్కెట్ వెయ్యాలి. బయట మెకానిక్కుతో విప్పించారో, వారంటీ దగ్గర పేచీ ఖాయం.

ఈ శబ్దం తరచుగా చల్లటి ఇంజనులోనే వస్తుంది. రాజోలు నుంచి అమలాపురం సర్వీసు సెంటరు దాకా తోలుకెళ్లి, వేడెక్కిన బండి చూపిస్తే ఏం వినబడుతుంది? "బాగానే ఉందండీ" అని ఆయిలు మార్చి పంపేస్తారు. అందుకే బండి రాత్రికి అక్కడే వదిలి, పొద్దున్నే మీ ముందు కొట్టించండి. ఇంటి దగ్గర తీసిన వీడియో కూడా చూపించండి. బండి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి. "చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగులో గరగర" అని, కిలోమీటర్లతో సహా రాయించి కాపీ అడగండి. గడువు దాటాక అదే తేడా మళ్లీ వస్తే చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది. బ్యాటరీకి మాత్రం వారంటీ కార్డు సాధారణంగా వేరే ఇస్తారు, అదీ పట్టుకెళ్లండి.