మాస్క్‌ని పట్టించుకోకపోతే ఏసీఎల్ పెట్టీ పెట్టనట్టే

కర్నూలు ఉల్లి యార్డు రేట్ల ఫైలు ఒక లినక్స్ సర్వర్లో ఉందనుకుందాం. ఆడిటరు ఒక్కరికే చదివే హక్కు ఇవ్వాలి. ఒక్క మనిషి కోసం కొత్త గ్రూపు తెరవడం దండగ, 'అదర్స్'కి రీడ్ ఇస్తే ఊరందరికీ ఇచ్చినట్టే. ఏసీఎల్ (యాక్సెస్ కంట్రోల్ లిస్ట్, అంటే ఫైలు మీద ఎవరికి ఏ హక్కో విడివిడిగా రాసే జాబితా) అక్కరకొచ్చేది ఇక్కడే.

ఉబుంటు, డెబియన్‌లలో లిబ్‌ఏసీఎల్1-డెవ్ ప్యాకేజీ వేసుకుని, ఏసీఎల్ మార్చే సీ ప్రోగ్రాములో సిస్/ఏసీఎల్.హెచ్ చేర్చండి. కంపైల్ కమాండులో -ఎల్‌ఏసీఎల్ అనేది సోర్సు ఫైలు పేరు తర్వాతే రావాలి.

ముందు ఏసీఎల్_గెట్_ఫైల్‌తో ఉన్న లిస్టు తెచ్చుకోవాలి. ఏసీఎల్_క్రియేట్_ఎంట్రీతో ఒక ఎంట్రీ చేర్చి, ట్యాగ్ ఏసీఎల్_యూజర్ అని పెట్టి, ఏసీఎల్_సెట్_క్వాలిఫయర్‌కి ఆడిటరు యూఐడీ (యూజరు నంబరు) ఇవ్వాలి. యూఐడీ అంకె కాదు, అది ఉన్న వేరియబుల్ అడ్రసు ఇవ్వాలి. అంకెనే కాస్ట్ చేసి పంపితే ప్రోగ్రాము అక్కడే కూలుతుంది. తర్వాత పర్మ్‌సెట్ (ఆ ఎంట్రీలోని హక్కుల కట్ట) తీసుకుని, క్లియర్ చేసి, రీడ్ కలపాలి. చివర్లో మాస్క్ లెక్కగట్టే ఏసీఎల్_కాల్క్_మాస్క్, లిస్టు సరిచూసే ఏసీఎల్_వ్యాలిడ్, ఫైలుకి పెట్టే ఏసీఎల్_సెట్_ఫైల్, మెమరీ వదిలే ఏసీఎల్_ఫ్రీ.

ఈ ప్రోగ్రామునే రెండోసారి నడిపితే ఏసీఎల్_వ్యాలిడ్ ఈఇన్‌వాల్ ('చెల్లదు' అనే ఎర్రర్) అంటుంది. అదే యూజరుకి రెండు ఎంట్రీలు పడ్డాయి మరి. అందుకే చేర్చే ముందు ఏసీఎల్_గెట్_ఎంట్రీతో పాతది ఉందేమో వెతకాలి. అది ఎంట్రీ దొరికితే 1, అయిపోతే 0 ఇస్తుంది. సున్నా అంటే సక్సెస్ అనే సీ అలవాటులో లూపు రాస్తే ఒక్క ఎంట్రీ కూడా కనబడదు.

ఇక మాస్క్. పేరుతో ఇచ్చిన యూజర్లకూ, గ్రూపులన్నిటికీ అదే పైకప్పు: ఎంట్రీలో రీడ్ ఉన్నా మాస్క్‌లో లేకపోతే లేనట్టే. ఏసీఎల్ ఉన్న ఫైలుకి ఎల్ఎస్ -ఎల్ కమాండు చూపే గ్రూపు బిట్లు నిజానికి మాస్క్ బిట్లు. కాబట్టి ఎవరో మంచికేనని ఛ్‌మోడ్ 600 (యజమానికి తప్ప ఎవరికీ హక్కు లేకుండా చేసే కమాండు) కొడితే మాస్క్ ఖాళీ అయిపోతుంది, ఆడిటరుకి తలుపు మూసుకుంటుంది. ఎంట్రీ మాత్రం చెక్కుచెదరదు; ఏసీఎల్ చూపే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండులో దాని పక్కన 'ఎఫెక్టివ్' అని మూడు గీతలు కనిపిస్తాయి. ముందు చూడాల్సింది ఆ గీతలనే.

రోజూ కొత్త ఫైలు పుట్టే డైరెక్టరీకైతే ఏసీఎల్_టైప్_డిఫాల్ట్ రకం ఏసీఎల్ పెట్టాలి. అది ఇకమీదట పుట్టే వాటికే, పాత ఫైళ్లను తాకదు. డైరెక్టరీలోకి వెళ్లే ఎగ్జిక్యూట్ హక్కు కూడా దీనితో రాదు, ఆ డైరెక్టరీ యాక్సెస్ ఏసీఎల్‌లో విడిగా ఇవ్వాలి. డిఫాల్ట్ ఉన్నచోట యూమాస్క్ (కొత్త ఫైళ్ల హక్కులకు కోత పెట్టే సెట్టింగు) లెక్కలోకి రాదు గానీ, ఫైలు తెరిచే ఓపెన్‌కి ఇచ్చే మోడ్ (హక్కుల అంకె) వస్తుంది. 0600 ఇచ్చారా, మాస్క్ పుట్టుకతోనే ఖాళీ. 0640 ఇస్తే రీడ్ నిలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఏమార్చేది తాత్కాలిక ఫైలు తెరిచే ఎంకేఎస్‌టెంప్ ఫంక్షను. తాత్కాలిక ఫైల్లో రాసి రీనేమ్ చేయడం మంచి పద్ధతే, కానీ ఎంకేఎస్‌టెంప్ ఫైలును 0600తోనే తెరుస్తుంది. పైగా కొత్త ఫైలుకి పాత ఫైలు ఏసీఎల్ తనంతట తాను రాదు. రీనేమ్‌కి ముందే పాత ఫైలు ఏసీఎల్ చదివి, ఏసీఎల్_సెట్_ఎఫ్‌డీతో తాత్కాలిక ఫైలుకి అంటించాలి. ఏసీఎల్ పెట్టాక ఛ్‌మోడ్ పిలవకండప్పా, మాస్క్ మళ్లీ మొదటికొస్తుంది.